కారు దీపాల వెండిపూత

5 సెప్టెంబర్ 1948, ఆదివారం

సంజీవ పొద్దున్నే వచ్చాడు. చంకలో తువ్వాల మూట. విప్పితే దొర కారు హెడ్‌లైట్లు రెండు. వాగు దాటుతుంటే నీళ్లు లోపలికి పోయాయట. అద్దం లోపల ఆవిరి పట్టింది, అడుగున ఎర్ర బురద పేరుకుంది. రబ్బరు పట్టీలు చివికిపోయాయి.

సంజీవ నా కడగొట్టు తమ్ముడు. అమ్మ పోయాక నేనే పెంచాను. మూడేళ్లుగా దొరకు డ్రైవర్. దొర భూములు పంచుతామంటున్న సంగం వాళ్లకు భయపడి దొర పగలు కారు తీయడు. రాత్రి పోయి రాత్రే వస్తాడు. బల్బు వెలిగినా వెలుతురు కారు ముందరే ఆగిపోతోందట. జర ఎండల పెట్టక్కా, రేపు మాపటికి బిగిస్త అన్నాడు.

ఎండ ఎక్కడిది. వారం నుంచి ముసురు.

6, సోమవారం

రేపు చవితి. అద్దాలు ఊడదీసి బురద కడిగాను. కుంపటి దగ్గర ఆరబెట్టాను. ఆవిరి పోయింది. బల్బు వెనుక ఉండే లోపలి గిన్నెలు మాత్రం నల్లగా ఉన్నాయి. దేవుని సామాను తోముతూ వాటినీ చింతపండు, బూడిద పెట్టి తోమాను. నలుపంతా వదిలి ఇత్తడి చెంబుల్లా పచ్చగా తేలాయి. పక్కింటి రుక్కమ్మ చూసి, దొర కారుకు గూడ పండుగనా అనంతక్కా అని నవ్వింది.

సాయంత్రం ఆరు

సంజీవ వాటిని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. గిన్నె మీద పలుచటి వెండిపూత ఉంటుందట. వెలుతురును దూరం విసిరేది ఆ వెండేనట. దూదితో అద్దాలి తప్ప రుద్దకూడదట. చెప్పకపోవుడు నాదే తప్పక్కా అన్నాడు. నువ్వు తోమినవని ఎవ్వరికి అనకు అన్నాడు. అన్నం తిని, బిగించడానికి వాటినే మూట కట్టుకుని పోయాడు.

7, మంగళవారం

చవితి పూజ అయింది. మనసు నిలవలేదు.

9, గురువారం

నిన్న రాత్రి మహేశ్వరం బాట మీద సంగం వాళ్లు రాళ్లు పేర్చారు. లైటు అందక సంజీవ దగ్గరికి వచ్చేదాకా చూడలేదు. కారు గుద్దుకుంది. తుపాకులు పేలాయి. దొర చేయి విరిగింది. ఇద్దరూ చేలల్లో పడి ప్రాణాలతో గడీకి చేరారు.

పొద్దున రజాకార్ల మెకానిక్ లైట్లు విప్పి చూశాడట. చెమ్మకు ఇట్ల కాదు, ఎవరో కావాలని గీకిన్రు అన్నాడట. సంజీవను గడీ కొట్టంలో కట్టేశారు.

10, శుక్రవారం

గడీకి పోయాను. నేనే తోమిన, చింతపండుతోని అని గుమాస్తాకు చెప్పాను. పులుసు గూడ పెట్టినవా ముసలమ్మా అన్నాడు. అక్కడున్న వాళ్లు నవ్వారు. నేనే గీకిన అని నీ తమ్ముడు ఒప్పుకున్నడు, ఇగ నడుమ నీదేంది అన్నాడు. మళ్లీ చెప్పాను. మూడోసారీ చెప్పాను. కొట్టంలోంచి సంజీవ అరిచాడు. అక్కకు పానం బాగలేదు, ఏదో ఒకటి అంటది, ఇంటికి తోలున్రి అని.

నన్ను ఈడ్చుకుపోతారని తన మీద వేసుకున్నాడు.

13, సోమవారం

యూనియన్ మిలిటరీ బయలుదేరిందట. గడీ తలుపులు మూశారు. సంజీవ భార్య సుగుణ, పిల్ల పుట్టింటి నుంచి వచ్చారు. సుగుణ ఆ తలుపు ముందే కూర్చుంది. లేవమంటే లేవలేదు.

14, మంగళవారం

ఏకాదశి. గడీ వెనుక రెండుసార్లు తుపాకీ పేలింది.

15, బుధవారం

జొన్నచేనులో ఉన్నాడు. నేనే స్నానం చేయించాను.

19, ఆదివారం

నిజాం లొంగిపోయాడట. రజాకార్లు లేరు. దొర పట్నంలో ఉన్నాడట. సుగుణ తల ఎత్తదు. పిల్లకు అన్నం పెట్టదు. నేను గడీలో చెప్పింది తమ్ముని కోసం ఆడిన అబద్ధమని ఊరంతా అనుకుంటోంది. సుగుణా అదే అనుకుంటోంది. ఆమెకు చెప్పాలి.

దేవుని ముందు చెప్పాను. అది చెప్పినట్టు కాదు.

26, ఆదివారం

సంగం తరఫున లింగస్వామి వచ్చాడు. దొర కారు కండ్లు పొడిచింది సంజీవన్ననే అని వాకిట్లో పదిమంది ముందు అన్నాడు. మాకు మాట గూడ చెప్పకుంట మా కోసం పానం ఇచ్చిండు అన్నాడు. సుగుణ ఇన్నాళ్లకు తల ఎత్తింది. నిజమేనా వదినె, గట్ల చేసిండా అని నన్నే అడిగింది. రుక్కమ్మ నావైపు చూసి చూపు దించుకుంది.

అవ్ అన్నాను.

రాత్రి సుగుణ పిల్లకు కలిపి పెట్టి, తనూ తిన్నది.

17 అక్టోబర్, ఆదివారం

సంజీవ మీద పాట కట్టారు. పిల్ల పాడుతూ, లైట్లు గీకిన చోటికి వచ్చి మరిచిపోయింది.

నేను అందించాను.