నా పాదానికి పడిన సున్నా

బెలేం నగరం,
శుక్రవారం.

డాక్టర్ ఔరివాల్ లోబాతో గారికి,
సర్జరీ విభాగాధిపతులు మరియు రెసిడెన్సీ ఎంపిక సంఘం అధ్యక్షులు.

అయ్యా,

విషయం: జనరల్ సర్జరీ రెసిడెన్సీ ఇంటర్వ్యూలో 'స్వభావము, అనుకూలత' అను శీర్షిక కింద అర్జీదారుకు వేయబడిన సున్నాను పునఃపరిశీలించవలసినదిగా కోరుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని, వైద్యకళాశాలలో ఆరవ సంవత్సరం విద్యార్థిని అయిన రైలానీ పంతోజా అను నేను తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా:

ముందుగా ఒక చిక్కు గలదు. నాకు సున్నా వేసినది సర్జరీ విభాగాధిపతి గారు. సదరు సున్నాపై అర్జీని ఎంపిక సంఘం అధ్యక్షుల వారికి దాఖలు చేయవలెనని నిబంధన. ఆ ఇద్దరూ తమరే అయి ఉన్నారు. కావున ఈ అర్జీలో 'విభాగాధిపతి గారు' అని ఎక్కడ వ్రాసినను, ఆయన ఎవరో పరాయి మనిషి అనుకొని, ఆయన మీద తమరు నిష్పక్షపాతముగా విచారణ జరుపగలరని ప్రార్థన.

1. రాత పరీక్షలో అర్జీదారు ప్రథమస్థానము పొంది ఉన్నది. జనరల్ సర్జరీకి ఉన్నవి రెండే సీట్లు. ఇంటర్వ్యూ అనంతరం అర్జీదారు మూడో స్థానానికి జారినది. మూడో స్థానానికి సీటు లేదు. ఈ సంగతి ఫలితాల కాగితం మీదే ఉన్నది, దానికి నా వ్యాఖ్యానము అనవసరం.

2. ఇంటర్వ్యూ విషయము. ముగ్గురు పెద్దలు కూర్చున్న ఆ గదిలో పేగుకు అడ్డు పడితే ఏం చేస్తావని గానీ, రక్తం ఆగకపోతే ఎక్కడ నొక్కుతావని గానీ అర్జీదారును ఎవరూ అడగలేదు. విభాగాధిపతి గారు నా కాగితాలు పక్కకు నెట్టి ఇలా సెలవిచ్చినారు:

"అమ్మాయ్, రాతలో నువ్వే ఫస్టు. కాదన్నవాడు లేడు. కానీ నీ కాలు సంగతేం చేద్దాం?"

మిగతా ఇద్దరూ నవ్వినారు. నేను కూడా నవ్వితిని. అలా నవ్వినందుకు ఇప్పుడు నన్ను నేనే తిట్టుకొనుచున్నాను. ఆయన ఆగలేదు. "నువ్వు డ్యూటీలో ఉన్న రోజు మాకు తిండి లేదు, కునుకు లేదు. మూడేళ్ళు నిన్ను ఎవరు భరిస్తారే?" అని అడిగినారు. ఆ ప్రశ్నకు జవాబు పాఠ్యపుస్తకములలో లేదు. సున్నా పడినది.

3. సదరు 'కాలు' ఏమిటో రికార్డు నిమిత్తం వివరించుచున్నాను. ఎవరు అడుగు పెడితే రోగులు వరస కడతారో ఆ మనిషిని మన ఆసుపత్రిలో 'మంచుకాలు' అందురు. మన ఊళ్ళో మంచుగడ్డ కొని ఇంటికి చేరేలోపే నీరవుతుంది, నా కాలొకటి మాత్రం కరగదట. ఈ బిరుదు నాకు సర్జరీలో చేరిన మొదటి వారమే వచ్చినది. ఆ రోజు పొద్దున కాళ్ళు విరిగిన కేసులు, మధ్యాహ్నం వాన వెలిసేసరికి రెండు అపెండిక్సులు, ఆ పైన ఒక కాల్పుల కేసు. ఆపరేషన్ థియేటర్ హెడ్ నర్సు క్రెమిల్దా సిస్టర్ నన్ను ఎగాదిగా చూసి, "ఎవరమ్మా నువ్వు? ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావ్?" అన్నది. అంతే, పేరు ఖాయమైపోయినది.

అప్పటినుంచి నా డ్యూటీ ఉన్న రోజున థియేటర్ గుమ్మంలో కల్లుప్పు పోయుచున్నారు. నా దిష్టి తగలకుండా చెవి వెనక సదాపాకు రెమ్మ పెట్టుకొనుచున్నారు. నేను తప్పనిసరిగా అందరికీ పీతడెక్క వడలు తేవలెనని ఒక జరిమానా కూడా పెట్టినారు. తెచ్చితిని. తిన్నారు. తిన్నాక కూడా నన్ను మంచుకాలనే పిలిచినారు. క్రెమిల్దా సిస్టర్ మీద నాకు కోపం లేదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను. ఉప్పు ఊడ్చేది కూడా ఆమే, నేను ఉప్పు తొక్కి జారితే పట్టుకున్నదీ ఆమే.

4. రెండో సీటు పొందిన అభ్యర్థి కవాన్ ఫిగెయ్‌రా గురించి. ఇతనిది 'వెచ్చని కాలు' అట. అనగా ఇతను డ్యూటీలో ఉంటే ఎవరికీ ఏమీ కాదట. ఊరి జనమంతా ఆ రోజుకు కత్తులు దాచుకొని, మోటారుసైకిళ్ళు గోడకు చేర్చి, కడుపునొప్పులు వాయిదా వేసుకొందురు కాబోలు. ఇతను డ్యూటీలో గుడ్డ ఉయ్యాల కట్టుకొని నిద్రపోవుట అందరూ చూసినదే. విభాగాధిపతి గారు ఇంటర్వ్యూలో ఇతనికి ఆ శీర్షిక కింద నూటికి నూరు వేసినారు.

ఇతను చెడ్డవాడని నేను వ్రాయబోను. ఫలితాలు వచ్చిన రోజు ఇతను నన్ను మెట్ల మీద ఆపి, "నా గొప్పేం లేదే రైలా. నేను పడుకున్నాను, అంతే. నువ్వు కుట్లు వేస్తుంటే నేను గురక పెట్టాను. నాకేం తెలుసు, నిద్రకి మార్కులు వేస్తారని?" అన్నాడు. సీటు వదులుకుంటానని మాత్రం అనలేదు. నేనైనా అననేమో.

కానీ అయ్యా, ఒక్క మాట. రోగి రాకపోవడమే సర్జన్‌కు అదృష్టమైతే, అందరికంటే అదృష్టవంతుడు కింద గేటు దగ్గర కూర్చుని లాటరీ టికెట్లమ్మే ముసలాయన. ఆయనకు ఇంతవరకు ఒక్క రోగి కూడా రాలేదు. ఆయన్నే తీసుకోండి. వార్డులో అందరికీ కునుకు పడుతుంది.

5. (ఈ అంశమును అర్జీదారు కోపములో వ్రాసి, పిమ్మట తానే కొట్టివేసినది. దయచేసి వెలుతురుకు పెట్టి చదవవద్దు.)

6. అర్జీదారు దోషనివారణకు ప్రయత్నించలేదని అనరాదు. ఇంటర్వ్యూకు ముందు మా అమ్మ మా ఊరు అబయెతెతూబా నుంచి పడవెక్కి వచ్చి, నన్ను రేవు పక్క మూలికల బజారుకు ఈడ్చుకొనిపోయినది. మా అమ్మకు డాక్టర్ల మీద కంటే ఆకుపసరు మీద నమ్మకం ఎక్కువ. కూతురు డాక్టరవుతున్నా ఆ నమ్మకం సడలలేదు. అక్కడ ఒక ముసలమ్మ సీసాలన్నీ వరసగా పేర్చుకొని కూర్చున్నది. మా అమ్మ మొదలుపెట్టి అంతా చెప్పింది: నా డ్యూటీలు, రోగులు, ఉప్పు, ఇంటర్వ్యూ. ఆ ముసలమ్మ ఒక చెవితో విని, రెండో చెవితో పక్క కొట్టు ఆవిడతో కబుర్లాడుతూ ఒక సీసా చేతిలో పెట్టినది. ఇంటికి వచ్చి ఒళ్ళంతా పోసుకొంటిని.

తల ఆరాక సీసా మీది కాగితం చదివితే అది 'నా దగ్గరికి రా' అను స్నానజలమని తేలినది. మగవాళ్ళను రప్పించుకొనుటకు ఆడవాళ్ళు పోసుకొనునది! మా అమ్మ, "పోన్లేవే, ఎవరో ఒకరు వస్తారు" అన్నది. మర్నాడు డ్యూటీలో మునుపెన్నడూ లేనంత మంది వచ్చినారు. అందరూ స్ట్రెచర్ మీదే వచ్చినారు. ఇంటర్వ్యూ గదిలో ఆ మూలికల వాసనకు విభాగాధిపతి గారు రెండుసార్లు తుమ్మినారు. ఆ తుమ్ముల పాలై ఎన్ని మార్కులు పోయినవో నాకు తెలియదు. ఆ మేరకు తప్పు నాదే, ఒప్పుకొనుచున్నాను.

7. ఇక నేను వ్రాయదలచుకోనిది, వ్రాయక తప్పనిది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం దీవుల నుంచి నయారా అను తొమ్మిదేళ్ళ పిల్లను తెచ్చినారు. తమరికి జ్ఞాపకం ఉండవలెను. చిన్న పడవలో వంగి నీళ్ళు తోడుతుంటే, కింద మోటారు ఇరుసు తిరుగుతూ ఆ పిల్ల జడను చుట్టుకొన్నది. తల మీది చర్మం కనుబొమల దాకా ఊడివచ్చినది. వాళ్ళ నాయనమ్మ ఆ చర్మాన్ని తడిగుడ్డలో చుట్టి గుండెలకు అదుముకొని వచ్చినది. చేతులు మారిస్తే ఎక్కడ జారిపోతుందోనని నాలుగు గంటల ప్రయాణంలో నీళ్ళు కూడా తాగలేదట.

ఆ పిల్ల ఏడవలేదు. "అక్కా, మళ్ళీ జుట్టొస్తుందా?" అని నన్ను అడిగినది. నేను జవాబు చెప్పేలోపే వెనక నుంచి ఎవరో, ఎవరో నాకు తెలుసు గానీ పేరు వ్రాయను, "ఇవాళ మంచుకాలు డ్యూటీ కదా, ఇంకేం వస్తుంది" అన్నారు. నలుగురు నవ్వినారు. నయారా కూడా వింది. నా కాళ్ళకేసి చూసింది.

అయ్యా! ఆ ఇరుసు మీద మూత లేదు. చెక్క ముక్క ఒకటి కొట్టి ఉంటే సరిపోయేది, కొట్టలేదు. పడవవాడు కొట్టలేదు, కొట్టారా లేదా అని చూడవలసినవాడు చూడలేదు. నేను ఆ పడవలో లేను. నా పాదం ఆ నదిలో లేదు. ఇరవై ఏళ్ళుగా ఈ వార్డుకు ఇలాంటి పిల్లలు వస్తూనే ఉన్నారు, అప్పుడు నేను బళ్ళో అక్షరాలు దిద్దుకుంటున్నాను. వాళ్ళందరినీ ఎవరి కాలు లాక్కొచ్చింది? తమరిదా?

ఆ పిల్ల తొడ మీది చర్మం తీసి తలకు అతికించిన రోజు ప్లాస్టిక్ సర్జరీ డాక్టరు గారి పక్కన నిలబడ్డాను. ఆ పని నేర్చుకోవాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. జనరల్ సర్జరీ పూర్తి చేస్తే గాని ఆ చదువుకు తలుపు తీయరు. నాకు కావలసినది ఆ తలుపు. పేరు కోసం కాదు, అమ్మ నలుగురిలో చెప్పుకోవడానికి కాదు. తొడ చర్మం మీద జుట్టు మొలవదు అని నయారాకు నేను ఇంతవరకు చెప్పలేదు, ఆ పిల్ల ఇప్పటికీ కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడల్లా అడుగుతుంది. నాకు ఈ సర్జరీ కావాలి సార్. ఇంత కావాలని అడగడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను.

8. పై అంశములో భాష అదుపు తప్పినందుకు క్షమాపణలు. కొట్టివేయుటకు మనసొప్పలేదు.

9. కావున అర్జీదారు కోరునది: ఏలినవారు సదరు సున్నాను తొలగించి, అర్జీదారు చేతులను బట్టి మార్కులు వేయవలెను. పాదములను బట్టియే వేయవలెనని నియమమున్నచో, ఆ నియమమును నోటీసుబోర్డులో ముందుగా పెట్టించవలెను. రాబోవు అభ్యర్థులు పుస్తకములు కొనుట మాని, చెప్పులు కొనుక్కొందురు.

నా మొర ఆలకించి, విభాగాధిపతి గారితో తమరు ఒకసారి ఏకాంతముగా మాట్లాడి, న్యాయము చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
రైలానీ పంతోజా

తా.క.: పై అర్జీ పట్టుకొని ఈ మధ్యాహ్నం ఆఫీసు వరసలో నిలబడ్డాను. ఐదింటికి గడువు. నా ముందు ఇద్దరే ఉన్నారు. ఫోను మోగింది. చూస్తే తమరు.

"అమ్మాయ్, ఎక్కడున్నావ్? బస్సు పల్టీ కొట్టింది. ఆపరేషన్ బల్ల దగ్గర నా ఎదురుగా పట్టుకోడానికి మనిషి లేడు. కవాన్ ఫోనెత్తడం లేదు. రా."

వరసలోంచి బయటికొచ్చాను. వాన కురుస్తుంటే పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తానని ఎవరూ అడగొద్దు. నేను లోపలికి అడుగు పెడుతుండగా నా వెనకే ఇంకో అంబులెన్సు ఆగింది. అసాయి కాయలకు చెట్టెక్కినవాడు, నడుముకు దోపుకున్న కత్తితో సహా జారాడు, కత్తి కడుపులో దిగింది. తమరు చేతులు కడుక్కుంటూ వెనక్కి తిరిగి, అందరి ముందూ, "చూశారా? కాలు పెట్టిందో లేదో" అన్నారు. అందరూ నవ్వారు. నేను పక్క పంపు తిప్పి చేతులు కడుక్కున్నాను.

ఆ చెట్టెక్కినవాడి కడుపులో రక్తం కట్టాక తమరు బస్సువాళ్ళ దగ్గరికి వెళ్తూ, "నువ్వు మూసెయ్" అన్నారు. అప్పుడే పక్క థియేటర్ నుంచి వచ్చిన రెసిడెంట్ నా ఎదురుగా నిలబడ్డాడు, ఒక్క మాట అడ్డు చెప్పలేదు. మూశాను. బయటికొచ్చేసరికి ఆఫీసుకు తాళం పడింది. అర్జీ తలుపు కింద నుంచి తోస్తున్నాను.

గడువు దాటిన అర్జీని కొట్టివేయవలెనని నిబంధన ఉంది. ఆలస్యానికి కారణం కూడా రాయాలట, 'తమరు పిలిచారు' అని రాస్తున్నాను. కొట్టెయ్యండి సార్. కానీ ముందు రెండో వార్డుకి వెళ్ళండి. కిటికీ పక్క మంచం, చెట్టు మీంచి జారిన ఆ కుర్రాడి పేరు వల్దెసీ. కట్టు విప్పి, నేను వేసిన ఆ కుట్లు ఒక్కసారి చూడండి. చూసి, అప్పుడు కొట్టెయ్యండి.