సూర్యం క్లాసులో పూతరేకులు

సూర్యం,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసీ, కోపం ఆపుకోలేక రాస్తున్నాను.

మొన్న రాజమండ్రిలో ఎకనామిక్స్ లెక్చరర్లకి ట్రైనింగ్ పెట్టారు. తినేకొద్దీ తృప్తి తగ్గుతుందన్న సూత్రం చెప్పడానికి తలా ఒక సీడీ ఇచ్చారు. అందులో ఎవడో దొర బర్గర్లు తింటాడు. నేను లేచి, "మా సూర్యం పూతరేకులు తెచ్చి, పిల్లలకే పెట్టి ఈ పాఠం చెప్పేవాడండీ. మా కాలేజీలో ఉన్న ఒక్క కంప్యూటరూ ప్రిన్సిపాల్ గారి గదిలో తాళంలో ఉంది" అన్నాను.

"మిఠాయి పంచితే పాఠం అయిపోద్దేంటండీ? పిల్లలకి గ్లోబల్ ఎక్స్‌పోజర్ కావాలి" అన్నాడు ట్రైనింగ్ ఇచ్చే పెద్దమనిషి. హాలంతా నవ్వింది. మనం తినేదాంట్లో శాస్త్రం ఉండదని నేర్పడమా ట్రైనింగంటే?

ఇవాళ ఆత్రేయపురం పూతరేకులు పట్టుకుని నీ క్లాసుకే వెళ్లాను. ముందు బెంచీలో మంగ నాలుగు తింది, ఐదోది ఇక తినలేనంది. "చూశారా, ఐదోదానితో వచ్చే తృప్తి సున్నా" అని బోర్డు మీద రాశాను.

"సున్నా ఏంటండీ? ఇది మా చెల్లికి" అంటూ కాగితంలో చుట్టుకుంది.

నువ్వుంటే నా చేతిలో సుద్దముక్క లాక్కుని, ఆ చెల్లి మీదే గంటసేపు పాఠం చెప్పేవాడివి. నేను సున్నా చెరిపేశాను. వాళ్ల సీడీలో బర్గర్ తినేవాడికి చెల్లెలు లేదు సూర్యం.