యర్రయ్య కాలు, నా బండి బీమా

ఆస్టినాబాద్,
7 సెప్టెంబరు 1981.

పోర్ట్‌బ్లెయిరులో మోటారు బండ్ల రిజిస్ట్రేషను చూసే అధికారి గారి సముఖమునకు, ఆస్టినాబాద్ కాపురస్తుడు, డ్రైవరు పెనుమాల యిర్మియా సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బీమా లేని బండి నడిపి మనిషిని గాయపరచిన తప్పు ఒప్పుకొనుట, మరియు సదరు బండిని విడిపించి అమ్ముటకు దారి చూపవలెనని కోరుట గురించి.

తమరిది టెక్కలి వైపని తమ ఆఫీసు ప్యూను చెప్పినందున తెలుగులో రాయుటకు సాహసించుచున్నాను. పన్నెండేళ్ళుగా ఇక్కడ ఉండి హిందీ మాట్లాడతాను గాని, తప్పు ఒప్పుకోవడానికి ఆ భాష నాకు చాలదు.

1. నేను అమలాపురం తాలూకా నుంచి ఒక కాంట్రాక్టరు దగ్గర లారీ డ్రైవరుగా వచ్చి ఇక్కడే నిలిచిపోయినవాడను. ఈ ఏడు జనవరిలో విశాఖపట్నంలో పాత అంబాసిడరు కొని ఓడ మీద తెచ్చుకొన్నాను. బండికి ఆంధ్రా నంబరు, ఆంధ్రా బీమా. సదరు బీమా గడువు మే నెలాఖరు.

2. గడువుకు నెల ముందే ఒక బీమా ఏజెంటు (ఆయనకూ పిల్లలున్నారు, పేరు రాయను) మా ఇంటికి వచ్చి రెండు కాగితాలు పరిచినాడు. ఒకటి ఫుల్ బీమా, మన బండికి దెబ్బ తగిలినా ఇస్తారు. రెండవది థర్డ్ పార్టీ, మన బండి వల్ల బయటివాడికి దెబ్బ తగిలితే వాడికి మాత్రమే ఇస్తారు. నా భార్య మేరి "ఫుల్లే రాయించండి" అన్నది. "ఈ దీవిలో ఉన్న బండ్లెన్ని, మనం గుద్దేదెవరిని?" అన్నాను నేను. ఊరు కాని ఊరిలో ఎవరి మాట నమ్మాలో తెలియక కనబడిన ప్రతి డ్రైవరునూ అడిగాను. విశాఖ బీమా ఆఫీసుకూ ఉత్తరం రాశాను. జవాబు ఓడలో వచ్చేసరికి గడువు తీరి పదకొండు రోజులయింది. ఈ జాప్యం పూర్తిగా నాది.

3. అటు తరువాత విశాఖవారు బండిని కళ్ళతో చూడనిదే బీమా ఇవ్వలేమని రాశారు. బండిని తిరిగి ఓడ ఎక్కించబోతే బీమా కాగితం చూపమన్నారు. పాత బీమా తీరిపోయింది గనుక ఇక్కడి బీమావారు అండమాన్ నంబరు తెమ్మన్నారు. అండమాన్ నంబరు కోసం తమ కౌంటరుకు వస్తే "పహలే ఇన్సూరెన్స్ లావ్, భయ్యా" అని, ముందు బీమానే తెమ్మన్నారు. నాలుగు వారాలు తిరిగాను. ఎవరూ కసిరింది లేదు. అందరూ రూలు చూపించారు, రూలు ఉన్నమాటా నిజమే. చివరకు బండికి గోనెపట్టా కప్పి ఇంటి ముందు నిలబెట్టాను.

4. జూలై ఇరవై మూడు మధ్యాహ్నం మా పక్కింటి మల్లేశు చేపల వేటకు పోయి ఉండగా ఆయన భార్య గురమ్మకు నొప్పులు వచ్చాయి. ఆసుపత్రి బండి వేరే ఊరికి పోయిందన్నారు. జీపు దొరకలేదు. మేరి గోనెపట్టా లాగి పారేసి నా చేతిలో తాళం పెట్టింది.

"కాగితాలు లేవే" అన్నాను.

"ఇప్పుడు ఆవిడకి పుట్టేది కాగితాలా, బిడ్డా? పదండి!"

జోరుగా వాన. ఆసుపత్రి మలుపు దగ్గర, కొబ్బరి బొండాల బండి తోసుకుంటూ యర్రయ్య అనే ఆయన అడ్డం వచ్చాడని పోలీసులకు చెప్పాను. అయ్యా, అది అబద్ధము. ఆయన రోడ్డు పక్కనే ఉన్నాడు. వెనుక సీటులో గురమ్మ కేక విని నేనే తల తిప్పాను. బొండాలు పల్లం దాకా దొర్లిపోయాయి. ఆయన ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. గురమ్మకు ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. మల్లేశు వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆ చేతులు ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియలేదు.

5. యర్రయ్య గోల్ ఘర్ పేటలో ఒంటరిగా ఉండే మనిషి. అరవై దాటాయి. బండి తోస్తేనే ఆయనకు పూట గడిచేది. నేను వద్దా కావాలా అని నెల రోజులు తేల్చుకోలేకపోయిన ఆ థర్డ్ పార్టీ ఈయనే. నా బండి పోలీసు స్టేషనులో ఉన్నది. విడిపించాలంటే బీమా కావాలి, బీమా కావాలంటే బండిని తెచ్చి చూపించాలి.

6. కిందటి శుక్రవారం నేను యర్రయ్య మంచం దగ్గర ఉండగా సదరు ఏజెంటు ఆసుపత్రికి వచ్చి నన్ను వరండాలోకి పిలిచాడు. "జూలై పదో తేదీ వేసి కాగితం ఇప్పిస్తాను. ముసలాయనకి పరిహారం, నీకు బండి. మధ్యలో నష్టమెవరికి?" అన్నాడు. యర్రయ్యకు సంగతి చెప్పాను. "రాయించెయ్ భయ్యా. కాలు నాది, పాపం కూడా నాకే రానీ" అన్నాడు. నిన్న ఆరాధనలో కీర్తనకు అందరితో లేచి, మధ్యలోనే బయటకు వచ్చేశాను. అబద్ధం ఆడితే ఆయనకు తిండి, నిజం చెబితే ఆయనకు పస్తు. ఎటు తిరిగినా ఆయన కాలే తొక్కుతున్నాను. ఈ ఉదయం ఏజెంటుకు వద్దని చెప్పి, మళ్ళీ మనసు మారకముందే ఈ అర్జీ రాయుచున్నాను.

కావున, నాకు ఏ శిక్ష విధించినా పడగలవాడను. సదరు బండిని స్టేషనులోనే తనిఖీ చేయించి, అండమాన్ నంబరు ఇప్పించి, అమ్మించి, వచ్చినదంతా యర్రయ్యకు చేరునట్లు ఉత్తర్వు దయచేయవలెనని వేడుకొనుచున్నాను. ఇందులో రాసినది యావత్తు నిజమని ఎరిగి చిత్తగించవలెను.

ఇట్లు, రూలుకూ మనిషికీ నడుమ చిక్కిన
తమ విధేయుడు,
పెనుమాల యిర్మియా

తాజా కలం: పోస్టు చేయబోయే ముందు దీనిని యర్రయ్యకు చదివి వినిపించాను. "నిజం రాసేసుకున్నావు, నీ గుండె తేలికయింది. నా కాలో?" అని గోడవైపు తిరిగిపోయాడు. మీరేం జవాబు రాసినా నాకు వద్దు సార్, ఆయన పేర రాయండి. మగవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. ఆయనకి చదువు రాదు. రోజూ పొద్దున్న గంజి పట్టుకెళ్తాను, నేనే చదివిపెడతాను. తిట్టినా సరే, చదువుతాను.