రెండు చేతుల మర్యాద

ఒక్‌హీ అక్కకు, జెజూ దీవి నుంచి తమ్ముడు టేసొప్.

నిన్న కూడా పోకర్ పోటీలో ఓడిపోయాను. ఈ ఏడాదికిది నాలుగోది. ఆడిన ప్రతి ఆటా పుస్తకంలో రాసుకుని పొద్దుటి నుంచి తిరగేస్తున్నా, ఎక్కడా తప్పు దొరకలేదు. నన్ను ఓడించిన పెద్దాయన సముద్రపొడ్డున కనబడితే సిగ్గు విడిచి అడిగాను.

“మంచి ముక్కలుంటే పందెం బిళ్లలు ఒంటిచేత్తో తోస్తావు. బొంకేటప్పుడు మాత్రం పెద్దవాళ్లకిచ్చినట్టు రెండు చేతులా పెడతావు. అబద్ధమాడేటప్పుడే నీకు మర్యాద పుట్టుకొస్తుందేంట్రా?” అన్నాడు.

ఆ సంగతి నా పుస్తకంలో ఎక్కడుంటుంది!

వంటింటి కప్పు కారడం ఆగిందా? నా ఉన్ని కోటు పంపించు. బావకు వంగి దండం పెట్టానని చెప్పు. నేను వేళకు తింటున్నాను, హాయిగా నిద్రపోతున్నాను, దిగులు పడకు.

ఈ పోస్టుకార్డును రెండు చేతులా పట్టుకుని తపాలా డబ్బాలో వేస్తున్నాను, అక్కా.