అడిగిన గడువు

నా శ్రీమతికి,

వయసులో పెద్దవాణ్ని కాబట్టి ఆశీస్సులు. ఉద్యోగంలో నువ్వు పెద్దదానివి కాబట్టి నమస్కారాలు. రెండూ పంపుతున్నాను, ఏది కావాలో అది ఉంచుకో. ఇక్కడ నేనూ అక్కయ్యా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమనీ, ఆ దగ్గు తగ్గిందనీ అనుకుంటున్నాను.

"మీ ఇద్దర్నీ పంపిస్తానయ్యా. మొగుడూ పెళ్లాల్ని విడదీసిన పాపం నాకెందుకు?" అన్నాడు గొడుగాయన, తాను డైరెక్టర్‌గా ఉన్న రోజుల్లో. మన లెక్కల గది తలుపు దగ్గర నిలబడి, వాన లేకపోయినా చంకలో గొడుగు పెట్టుకుని అన్నాడు. ఖగోళ పరిశోధకులకు సూపర్ కంప్యూటర్ మీద శిక్షణ, ఆ తర్వాత ఏడాదిపాటు ఆ యంత్రాన్ని వాడుకునే అవకాశం, మన సంస్థకు రెండు సీట్లు. రెండూ మనవేనన్నాడు. నువ్వు ఆ సాయంత్రమే అటక మీంచి రెండు పెట్టెలూ దించావు. తీరా చూస్తే ఒక సీటు నీకు, రెండోది ఆయన అల్లుడికి. నువ్వు వెళ్లి, అక్కడే పాఠాలు చెప్పే ఉద్యోగంలో ఉండిపోయావు. ఆ అల్లుడు అక్కడ నేర్చుకున్న విద్య ఒక్కటే, యంత్రం పక్కన నిలబడి ఫొటో దిగడం. ఆ ఫొటో వరండాలో ఇంకా వేలాడుతోంది. నేను ఆ దారి మానేసి క్యాంటీన్ వెనక నుంచి చుట్టు తిరిగి వెళ్తుంటాను. మోకాలి నొప్పికి సగం కారణం ఆ అల్లుడే.

మోకాలి సంగతి అడిగావు కదా, అదీ జవాబు. మెట్లు ఎక్కుతుంటే నొప్పి, దిగుతుంటే ఇంకా నొప్పి. అక్కయ్య మాత్రం నాకు నోటిలో తప్ప అన్నిచోట్లా బలం తగ్గిందంటుంది, నోటిలో పెరిగిందంటుంది.

లైబ్రరీ ఉందా అని అడిగావు. ఉంది, పుస్తకాలు లేవు. అన్నీ కంప్యూటర్లో ఉన్నాయని చెప్పి పాత పత్రికలన్నీ తూకానికి వేశారు. బల్లలు ఉంచారు. మధ్యాహ్నం పూట వాటి మీద తలపెట్టి పడుకుంటారు, చదువు తలకెక్కడానికి అదీ ఒక పద్ధతేమో. నేను ఇంటికి మోసుకొచ్చిన సంపుటాలతో మన ముందుగది నిండిపోయింది. ఈ మధ్య శాస్త్రవేత్తల ఆత్మకథలు చదువుతున్నాను. ఇన్ని చదివాను, ఒక్కదానిలోనూ రాసినవాడిది తప్పు అని లేదు. ఎదుటివాళ్లంతా ఎంత దుర్మార్గులో!

మన పాత యంత్రం ఏమైందని అడిగావు. దాన్ని పాతసామాన్ల వాడికి అమ్మేశారు. మన లెక్కల గదిలో ఇప్పుడు విరిగిన కుర్చీలు పెడుతున్నారు. నువ్వు కూర్చునే వైపు గోడకు, నువ్వు తల ఆనించే చోట, సున్నం ఇంకా కాస్త నున్నగా ఉంది. ఏదో పని ఉన్నట్టు నెలకోసారి తాళం అడిగి వెళ్లి చూసి వస్తాను. ఈ మాట అక్కయ్యకు తెలియదు. నువ్వు ఆమెకు రాయకు.

ఫోన్ ఎందుకు చెయ్యవని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. ఫోన్‌లో నీ గొంతు వింటే దెబ్బలాడాల్సిన సంగతులన్నీ మరిచిపోతాను. పెట్టేశాక అన్నీ గుర్తొస్తాయి. ఉత్తరంలోనైతే నా కోపం నా దగ్గరే ఉంటుంది.

ఇక నీ ఉత్తరంలోని అసలు సంగతి. ఈ ఏటి శిక్షణ తరగతులే నీ చివరివని, అవి అయ్యాక ఉద్యోగం వదిలేస్తానని రాశావు. ఆ తర్వాత ఎక్కడుంటావో రాయలేదు. వెనక్కి తిప్పి చూశాను, కవరు కూడా చింపి చూశాను. లేదు. దాని బదులు శిక్షణ ప్రకటన జతచేసి, "మీ దగ్గర ఉత్సాహం ఉన్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి" అని ఒక ముక్క రాశావు. నలుగురిలో ఉన్నట్టు, "చెప్పండి" అని!

ఉత్సాహం ఉన్నవాడు ఒకడు దొరికాడు. దరఖాస్తు పెట్టించాను. వాడికి కావలసింది నక్షత్రాల శిక్షణ అనుకునేవు. వాడికి కావలసిందల్లా నువ్వు ఆ హాల్లో నిలబడి పాఠం చెప్తుండగా, ఆ ఉద్యోగం నువ్వు వదిలేయకముందు, వెనక వరసలో కూర్చుని ఒక్కసారి చూడటం. నన్ను వదిలి నువ్వు ఏ పనికి వెళ్లావో ఆ పని నేను ఇంతవరకూ కళ్లతో చూడలేదు.

ఆశ్చర్యపోకు. దరఖాస్తు నాదే.

సంస్థ డైరెక్టర్ సిఫార్సు ఉండాలన్నారు. డైరెక్టర్ ఎవరనుకున్నావు, మన చిక్కుముడే. వాడు రాసే ప్రోగ్రాములు విప్పలేక నువ్వే పెట్టిన పేరు. ఇప్పుడు వాడికి పెద్ద గది, తిరిగే కుర్చీ. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, అంతవరకు బుద్ధిమంతుడే.

"మాస్టారూ, ఇది కుర్రాళ్లకండీ" అన్నాడు కాగితం చూసి.

"వయసు ఇంత అని రాశారా?"

"రాయలేదు. ఎవరైనా ఈ వయసులో పెడతారని వాళ్లకు తట్టి ఉండదు."

"తట్టకపోవడం వాళ్ల తప్పు. సంతకం పెట్టు."

"పరిశోధన అంశం ఏం రాయమంటారు?"

"పాతదే. నక్షత్రాల గుంపులో బరువైనవి మధ్యకు చేరి, తేలికైనవి బయటికి ఎగిరిపోయి, చివరకు నడిబొడ్డు ఎలా కుంగిపోతుందో లెక్క కట్టడం."

"మీరూ అమ్మగారూ మొదలుపెట్టిందే కదండీ?"

"ఆవిడ ముగించింది. నేను ఇంకా ముగించలేదు."

వాడు కలం తీసి సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఇంకో మాట అన్నాడు. అది చివర రాస్తాను. ఇప్పుడే రాస్తే మిగతా ఉత్తరం చెడుతుంది.

ఎంపికకు ముందు మీ పాఠాలు చూడాలన్నారు, రికార్డు చేసి పెట్టినవి. అన్నిటిలోనూ నువ్వే. నీ జుట్టంతా తెల్లబడిందని నాకెవరూ చెప్పలేదు. ఫొటోల్లో టోపీ పెట్టుకుంటావు, దొంగవి. మాట మొదలుపెట్టే ముందు ఎడమ చేత్తో చెవి సవరించుకునే అలవాటు పోలేదు. నక్షత్రాల లెక్కను యంత్రంలోని వేల ప్రాసెసర్లకు ఎలా పంచాలో చెబుతూ, "పెళ్లిలో వడ్డన లాంటిది, అందరికీ ఒకేసారి అందకపోతే గొడవ" అన్నావు. తరగతంతా నవ్వింది. ఆ మాట నాది. మొదటిసారి నేనన్నప్పుడు నువ్వు నవ్వలేదు, మొహం చిట్లించావు. ఇన్నాళ్లూ దాన్ని దాచుకుని వాడుకుంటున్నావన్నమాట. ఆ చోటు మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి విన్నాను.

అక్కయ్య పక్కన కూర్చునేది. నువ్వు చెప్పే ఇంగ్లీషు రాకపోయినా అన్ని పాఠాలూ చూసింది.

"చిక్కిపోయిందిరా పిల్ల. ఎవరి మీద అలా అరుస్తోంది?"

"అరవడం లేదే, పాఠం చెబుతోంది."

"నీకు చెప్పినప్పుడూ అలాగే ఉండేది. నువ్వు వినేవాడివా?"

"ఇప్పుడు వింటున్నాగా."

"ఇప్పుడు దానికి వినబడదు, నువ్వు వింటున్నట్టు" అని లేచి వెళ్లిపోయింది. మా అక్క ఏ పుస్తకమూ చదవలేదు. నేను ఆ పాఠాన్ని మొదటి నుంచి మళ్లీ పెట్టుకున్నాను.

ఆ తర్వాత పరీక్ష. లక్ష నక్షత్రాల గుంపు ఇచ్చి, ఇక్కడి నుంచే మీ యంత్రానికి పంపి, నడిబొడ్డు కుంగేదాకా నడిపించి చూపమన్నారు. మన పాత యంత్రం మీద కొన్ని వందల నక్షత్రాలకే ఆయాసపడేవాళ్లం. ఇప్పుడు ఏకంగా లక్ష! మన ప్రోగ్రామునే నీ పాఠాల ప్రకారం తిరగరాశాను. వేళ్లు నెమ్మదించాయి గానీ బుర్ర ఇంకా పనిచేస్తోంది. తప్పుల్లేకుండా నడిచింది. సంతోషం పట్టలేక అక్కయ్యను కేకేసి చూపించాను. "చుక్కలే కదా" అంది.

నీకు తెలియనిది కాదు, అయినా రాస్తాను, రాస్తే గానీ నా కడుపుమంట తీరదు. ఆ యంత్రం ముందు అందరూ పంపిన లెక్కలు వరసలో నిలబడాలి. ఎంతసేపు కావాలో ముందే చెప్పి నిలబడాలి. ఎక్కువ అడిగితే ఎక్కువ రోజులు ఆగాలి. తక్కువ అడిగితే సందు దొరకగానే లోపలికి పంపుతుంది, కానీ అడిగిన గడువు దాటిందా, పని ఎక్కడున్నా సరే గొంతు నొక్కేస్తుంది. అందుకే కాస్త ఎక్కువ అడగండి, మధ్యమధ్య చేసినంతవరకు దాచుకోండి అని నువ్వు పాఠంలో రెండుసార్లు చెప్పావు. రెండుసార్లూ విన్నాను. వినీ ఏం చేశాను? గొడుగాయన కాలంలో తక్కువ అడిగినవాడే మర్యాదస్తుడు. యంత్రం దగ్గర కక్కుర్తి పడేవాళ్లంటే మనకు ఎంత చులకన! పోతే పోనీ అని ఒక పూట చాలని రాశాను. మధ్యలో దాచుకోవడం పిరికివాళ్ల పని అని నీతో వాదించిన మొనగాణ్ని కదా, దాచుకోనూ లేదు.

గుంపు చక్కగా నడిచింది. బరువైనవి లోపలికి జారాయి, తేలికైనవి ఒక్కొక్కటే విడిపోయాయి. నడిబొడ్డు కుంగబోతోంది. ఇంకో గంట ఉంటే చాలు. గడువు అయిపోయిందని ఒక్క వాక్యం వచ్చింది. లక్ష నక్షత్రాలూ పోయాయి. మొదట్నుంచి మళ్లీ నడపడానికి పరీక్ష గడువూ మిగల్లేదు. దీన్ని మన సంసారానికి ఉపమానంగా తీసుకోకు. ఉపమానాలు నాకు గిట్టవు.

నిన్న ఫలితం వచ్చింది. సీటు రాలేదు. "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని రాశారు. ఇంత మర్యాదగా తన్నడం మీ సంస్థకే చెల్లింది.

ఇప్పుడు చిక్కుముడి అన్న మాట. సంతకం పెట్టిన కాగితం నా చేతికిస్తూ, "అప్పుడే వెళ్లి ఉండాల్సింది మాస్టారూ, ఆ మరుసటి ఏడు మీకు సీటు ఉంచారుగా" అన్నాడు.

"ఎవరు ఉంచారు?"

"పెద్దాయనే. అల్లుడి సంగతి మనసులో పీకుతోందని, మీకు కబురు చేసేముందు అమ్మగారికి ఫోన్ చేశారు. నేను గదిలోనే ఉన్నాను. ఆవిడ వద్దన్నారు. మీకు తెలియదా?"

"ఏమని వద్దంది?"

వాడు బల్ల మీద కాగితాలు సర్దబోయాడు. నేను కదల్లేదు.

"'సీటు చూసి వచ్చే మనిషి నాకొద్దండీ. నాకోసం అయితే సీటు లేకపోయినా వస్తాడు. ఆయనకేం చెప్పకండి' అన్నారట. పెద్దాయన ఫోన్ పెట్టేసి జాబితాలో మీ పేరు కొట్టేశారు."

ఇది నిజమా అని నిన్ను అడగను. చిక్కుముడికి అంత మంచి వాక్యం కల్పించడం రాదు. అది నీ మాటే. చెవి సవరించుకుని అని ఉంటావు.

నువ్వు అక్కడ నేను ఊరికే వస్తానని చూశావు. నేను ఇక్కడ ఎవరైనా పిలుస్తారని చూశాను. మొదట్లో సెలవులకు వచ్చేదానివి. నాలుగు రోజులు ఉండి, వెళ్లే రోజు గుమ్మంలో కాసేపు ఆగేదానివి. ఏదో మరిచిపోయావనుకుని నేను ఇల్లంతా వెతికేవాణ్ని, గొడుగో, కళ్లజోడో. తర్వాత్తర్వాత రావడం తగ్గింది. మన ఇద్దరి పొగరుకీ అక్కయ్య ఒకటే పేరు పెట్టింది, అది ఉత్తరంలో రాయదగ్గది కాదు.

వచ్చే వారం నీ తరగతులు మొదలయ్యే రోజుకు అక్కడుంటాను. టికెట్ కొన్నది నిన్న కాదు, చిక్కుముడి ఆ మాట చెప్పిన రోజే, పరీక్ష రాయకముందే. సీటు వచ్చి ఉంటే నీకు అనుమానం మిగిలేది. రాకపోవడమే మంచిదైంది. వెనక వరసలో కూర్చోనివ్వకపోతే బయట బెంచీ మీద కూర్చుంటాను. తిరుగు టికెట్ ఎప్పటికని కౌంటర్ దగ్గర అడిగారు. ఈసారి తక్కువ అడగదలచుకోలేదు, తీసుకోలేదు.

"వెళ్లరా" అంది అక్కయ్య. "నిన్ను రోజూ చూసి నాకు విసుగొచ్చింది. దానికి అలవాటు తప్పింది, కొన్నాళ్లు భరిస్తుంది." తను మా చెల్లెలి ఇంటికి వెళ్తోంది. నా ఉన్ని స్వెటర్ ఉతికి పెట్టింది. ఎందుకో పొద్దుట్నుంచి నా మీద అరవడం లేదు.

నేను మెత్తబడ్డానని మాత్రం అనుకోకు. గొడుగాయన పోయాడు, ఆయన్ని వదిలేశాను. ఆయన ఫోన్ చేశాడని తెలిశాక ఇంకేం పట్టుకోను? అల్లుడి ఫొటో ముందు నుంచే మొన్న నడిచి వెళ్లాను, పాపం వాడికీ బట్టతల వచ్చి ఉంటుంది. చిక్కుముడిని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఇంత చదివి, ఇందరితో దెబ్బలాడి, చివరికి మిగిలింది ఒక్క మనిషే. ఒక్క మాట అంటే పరిగెత్తుకొచ్చేవాణ్ని. ఆ మాట అనకుండా గుమ్మంలో ఊరికే నిలబడి వెళ్లిపోయినదానివి నువ్వు. ఇప్పటికీ తప్పు నీదే అంటాను, నీ ఎదురుగా కూర్చుని అంటాను.

ఇట్లు,
నీ మొగుడు