కైలాసం రంగు దిగదు

కరీంనగర్, బాలికల హాస్టల్
4 డిసెంబరు 1962

బాపుకు కనకవ్వ దండం పెట్టి రాసేది,

జిల్లా సైన్సు ప్రదర్శనల నేను సుత ఒకటి పెడుతున్న. మొదటి బహుమతి వస్తే పదో తరగతి దాక హాస్టల్ సీటు ఇస్తరట. రాకుంటే ఇంటికొచ్చి నూలు కండెలు చుట్టుడేనని నువ్వన్నది యాదున్నది.

గ్లాసు, నీళ్ళు ఉన్నయి. నీ కొట్టంల నుంచి ఎర్ర రంగు పొడి చిటికెడు పంపు. కదలని నీళ్ళ అడుగున ఏస్తే, ఎవరూ కలపకుండనే మెల్లగ గ్లాసంత పరుచుకుంటది. దీన్ని విసరణ అంటరు.

నీ బిడ్డ కనకవ్వ

తా.క. గ్లాసు ముంగట అట్ట మీద "సిరిసిల్ల కైలాసం గారి రంగు" అని పెద్దగ రాస్త. కలెక్టరు దొర చూస్తడు.

సిరిసిల్ల, 8 డిసెంబరు

బిడ్డ కనకవ్వకు బాపు దీవెనలు.

నీ ఉత్తరం చదివి పొయ్యి కాడ కూలబడ్డ. ముప్పై ఏండ్ల సంది నూలుకు రంగేస్తున్న. కైలాసం రంగు నీళ్ళల్ల దిగిందని ఒక్కరు అనలే. ఇప్పుడు నా కన్నబిడ్డే దొర ముంగట దించి చూపిస్తదా? పైంగ నా పేరు రాసి! పగోడు సుత గింత పని చెయ్యడు.

పొడి పంప. నేను రంగేసిన నూలు లడి పంపుతున్న. ముంచి పెట్టు. వారమైనా నీళ్ళు తెల్లగనే ఉంటయి. దొర అది చూడాలె.

పరేషానైన నీ బాపు

తా.క. వేడి నీళ్ళ జోలికి పోకు. వేడి నీళ్ళల్ల రంగు ఉరుకుతది.

కరీంనగర్, 13 డిసెంబరు

బాపుకు దండాలు.

లడి ముంచి మూడు దినాలాయె. పిల్లలందరు గ్లాసు చుట్టు కూసుండి చూసి చూసి బువ్వకు పోయిండ్రు. సంతోషమ్మ టీచరు "ఇందుల ప్రయోగమేదమ్మా?" అన్నది. మా బాపు గెలిచిండు, నేను ఓడిపోయిన అన్న.

నూలుకు ఎక్కిన రంగు వేరు, ఎక్కని పొడి వేరు బాపూ. పొడి నీళ్ళల్ల కరగకుంటే నూలుకు ఎట్ల ఎక్కిస్తవు? జర ఆలోచించు. వచ్చే వారం శనివారమే ప్రదర్శన. నాకు చదువుకోవాలెనని ఉన్నది.

ఏడ్చుకుంట, కనకవ్వ

తా.క. వేడి నీళ్ళ ముచ్చట చెప్తే టీచరు ఎగిరి గంతేసింది. చల్లనివొక గ్లాసు, వేడివొక గ్లాసు పెట్టుమన్నది.

సిరిసిల్ల, 16 డిసెంబరు

బిడ్డకు దీవెనలు.

నీ ఉత్తరం నిన్ను కన్న మీ అవ్వ నాతోని రెండుసార్లు చదివిపిచ్చుకున్నది. అప్పటి సంది నాకు బువ్వ బంద్.

నా రంగైతే పంప. ఎదురింట్ల రాయమల్లు సుత రంగులేస్తడు కదా, వాని రంగు మబ్బును చూస్తేనే దిగుతది. వాని కొట్టం నుంచి చిటికెడు అడుక్కొచ్చి పంపుతున్న. అట్ట మీద వాని పేరే రాయి.

ఆకలి మీదున్న నీ బాపు

తా.క. పెద్దగ రాయి.

కరీంనగర్, 22 డిసెంబరు

బాపూ, గెలిచిన!

చల్లని గ్లాసుల రంగు సన్నగ లేస్తుంటే, వేడి గ్లాసు అప్పటికే ఎర్రగ నిండింది. దొర గడియారం పట్టుకొని నిలబడ్డడు. "ఎవరు నేర్పిండ్రమ్మా?" అంటే "విసరణ టీచరు, వేడి సంగతి మా బాపు" అన్న. సీటు వచ్చింది!

సంబరంతోని, కనకవ్వ

తా.క. ఒక్కటే పరేషాని. దొర అట్ట చదివి, "గింత మంచి ఎరుపు నేనెన్నడు చూడలే" అని హాస్టల్ తెరల నూలుకు రాయమల్లు మామతోనే రంగేయించుమన్నడు.

సిరిసిల్ల, 27 డిసెంబరు

నా బంగారు బిడ్డకు,

వాడకట్టంత బెల్లం పంచిన. రాయమల్లుకు చేనేత సంఘపోళ్ళు దండేసిండ్రు. వాడు బిత్తరపోయి చూస్తుండు. ఇంట్ల మళ్ళ బువ్వ పెడుతున్నరు. నువ్వు మంచిగ చదువుకో, కండెలు మేం చుట్టుకుంటం.

కడుపు నిండిన నీ బాపు

తా.క. ఎవలకు చెప్పకు. రాయమల్లును నేను రంగు అడగనే లేదు, అడగబుద్ధి కాలే. నీకు పంపింది నా రంగే. పొద్దుగాల వాడు మెల్లగ వచ్చి, "బావా, గా ఎరుపు ఎట్ల చేస్తవు?" అని నా పొయ్యి కాడ కూసున్నడు. నేర్పుతున్న. నా బిడ్డ గెలిచినంక అట్ట మీద ఎవని పేరుంటే నాకేంది?