దేవకమ్మ బోరు నీళ్లు

ఏర్పేడు మండలంలో కాపురం ఉంటున్న తిరుమలయ్య అనే నేను, వయసు డెబ్బై రెండు, వృత్తి పత్రికా విలేకరి, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. నా మతి స్థిరంగానే ఉంది. భయం మాత్రం ఉంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి కాబట్టి ఇది నేను రాసింది కాదని ఎవరైనా అంటే నమ్మవద్దు. దీన్ని అమలు చేయవలసింది నా స్నేహితుడు, శ్రీకాళహస్తిలో ఫొటో స్టూడియో నడిపే ఏబెల్.

1. ఇల్లు, నిమ్మతోట నా భార్య సుబ్బులమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఆమె తదనంతరం మా కూతురు నవీనకు. వీధివైపు కిటికీ నేను పోయాక తెరుచుకోవచ్చు.

2. నా భూతద్దం మనవరాలు మహితకు. పత్రికలో పిల్లల కోసం రాసిన సైన్సు ముచ్చట్లన్నీ దాంతో చూసి రాసినవే. ముందు చీమ కాలి మీద వెంట్రుకలు చూడు తల్లీ.

3. మోటారు సైకిల్ ఏబెల్‌కు. బ్రేకులు నిన్ననే చూపించాను. నేను బండి మీద నుంచి పడి చనిపోయానని ఎవరైనా చెబితే ఈ మాట గుర్తుంచుకోవాలి.

4. మా ఊరి పక్కన పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే ఫ్యాక్టరీ ఉంది. నేను దాని గురించి రాసి పంపినప్పుడల్లా పత్రికలో వార్తలు దిద్దే సునీల్‌కుమార్ గారు పేరు తీసేసి 'ఒక పరిశ్రమ' అని వేశారు. ఆ కత్తిరింపులన్నీ ఆయనకే. తీసేసిన పేరు ప్రతిదాని మీదా పెన్నుతో రాసి పెట్టాను.

5. నీళ్ల మీద వార్త రాసేటప్పుడు నేను రెండు బాటిళ్లు పడతాను. ఒకటి ల్యాబుకు. రెండోదాని మూత మీద కాగితం అతికించి, బోరు గలవాళ్ల సంతకం పెట్టించి దాస్తాను. ఆ ఫ్యాక్టరీ పక్కనే ఉండే దేవకమ్మ బోరు నీళ్లూ అలాగే పట్టాను. శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది. ల్యాబుకు పంపిన బాటిల్ దారిలో మారిందని నా అనుమానం. దాచిన బాటిల్ మీద దేవకమ్మ కొడుకు మునిచంద్ర సంతకం ఉంది. అతను ఆ ఫ్యాక్టరీలోనే లోడింగు పని చేస్తాడు. ఇప్పుడు ఆ సంతకం తనది కాదంటున్నాడు. నేను తప్పు పట్టను. నా దగ్గరికి వచ్చిన మనిషే అతని దగ్గరికీ పోయి ఉంటాడు.

ఆ మనిషి పోయిన వారం మా అరుగు మీద కూర్చుని మజ్జిగ అడిగి తాగాడు. తాగి మెల్లగా అన్నాడు: "మీ మనవరాలు ఎక్కేది మూడో నంబరు బస్సే కదా పెద్దాయనా? డ్రైవరు మావోడే. బాగా సూసుకుంటాడులే."

అందుకే బాటిల్ నవీనకు ఇవ్వవద్దు. ఎక్కడుందో ఏబెల్‌కు నోటితో చెప్పాను, ఇందులో రాయను. మునిచంద్ర తనంతట తాను ఒప్పుకుంటే ఆ ఫ్యాక్టరీ మీద చెన్నై హరిత ట్రిబ్యునల్‌లో నడుస్తున్న కేసులో దాఖలు చేయాలి. లేకపోతే పారబోయాలి. సంతకం నిలవకపోతే అవి ఉత్త నీళ్లే. అతన్ని ఎవరూ బలవంతపెట్టవద్దు.

6. నేను ఎలా పోయినా దహనానికి ముందు నా రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించాలి. పరీక్షించాకే తాగండని జనానికి రాసినవాణ్ణి, దేవకమ్మ చెంబు చేతికిస్తే వద్దనలేక, పోయినప్పుడల్లా తాగాను. ఆ నీళ్లు నాలోనూ ఉన్నాయి.

రెండో సాక్షి ఇంకా దొరకలేదు. అడిగినవాళ్లందరికీ ఏదో పని పడింది. చోటు ఖాళీగా ఉంచాను.

ఏర్పేడు, 14-09-2025
(సంతకం) తిరుమలయ్య

సాక్షులు:
1. ఏబెల్, శ్రీకాళహస్తి.
2. మునిచంద్ర, దేవకమ్మ కొడుకు. అంతా చదివినాను. బాటిల్ మీద ఉండేది నా సంతకమే. ఈడ పెట్టిన దాంతో పోల్చి సూసుకోండి.